హాస్టల్ గేటు నుంచి అరచేతి తెర దాకా: కళాశాల యువతుల ఏకాంతంపై కాపలా

కళాశాలల్లో చదివే యువతుల అంతర్జాల వ్యసనం గురించి నేడు సాగుతున్న చర్చ ఎక్కువగా ఫోను చుట్టూ, అందులో కరిగిపోయే గంటల చుట్టూ తిరుగుతోంది గాని, తెలుగునాట ఈ ఆందోళనకు ఫోను కంటే చాలా ముందు నాటి చరిత్ర ఉంది. చదువుకునే ఆడపిల్ల ఒంటరిగా కూర్చుని ఏమి చదువుతోంది, ఎవరికి రాస్తోంది, రాత్రి ఎంతసేపు మేలుకుని ఉంటోంది అన్న ప్రశ్నలు బాలికా పాఠశాలలు తెరిచిన తరంలోనే తలెత్తి, ఆడపిల్లల హాస్టళ్ళు వచ్చాక నిబంధనలుగా స్థిరపడ్డాయి. ఉత్తరాలు విప్పి చూడడం, నవలలు లాక్కోవడం, ఫోనుకు వేళలు పెట్టడం, చివరకు ఫోన్లనే రాత్రిపూట జమ చేయించుకోవడం ఒకే ఆచారానికి వేర్వేరు దశలు. వస్తువు మారినప్పుడల్లా ఆ ఆచారం కొత్త సమస్యకు కొత్త పరిష్కారంగా కనిపించింది. ఆ అమ్మాయి మనసులో ఏముంది, ఆమె దేని కోసం ఆ వస్తువును ఆశ్రయిస్తోంది అన్న ప్రశ్న మాత్రం చాలా ఆలస్యంగా వినిపించింది.

కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల స్థాపించి, 1883లో స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ పత్రిక ప్రారంభించిన నాటికి ఆడపిల్లకు చదువు ఎందుకు అన్న దానికి సంస్కర్తల దగ్గర ఒక స్పష్టమైన జవాబు ఉండేది: చదివిన స్త్రీ ఇల్లు చక్కగా దిద్దుకుంటుంది, పిల్లలను తీర్చిదిద్దుతుంది, మూఢాచారాలకు దూరంగా ఉంటుంది. ఆమె చదవవలసిన పుస్తకాలు కూడా ఆ ప్రయోజనానికి తగినట్టే తయారయ్యాయి. ఆ చదువు పెద్ద మేలు చేసిందనడంలో సందేహం లేదు. అయితే తన ఇష్టం కోసం, తన మనసు తేలిక కోసం, లేదా ఊరకే కుతూహలం కొద్దీ ఆడపిల్ల చదివితే అది చదువు కింద లెక్కకు రాలేదు. అది సమయం పాడుచేసుకోవడం. 1902లో వెలువడిన ‘హిందూ సుందరి’ వంటి స్త్రీల పత్రికల్లో భండారు అచ్చమాంబ వంటి రచయిత్రులు స్వయంగా కలం పట్టి స్త్రీల జీవితాన్ని స్త్రీల గొంతుతో చెప్పడం మొదలుపెట్టినా, పనికొచ్చే చదువు, పాడుచేసే చదువు అన్న విభజన చెదిరిపోలేదు. తరువాతి శతాబ్దమంతా ఆ గీతే కొనసాగింది. నేటి ఇళ్ళలో ‘క్లాసు కోసమైతే ఫోను చూడు, లేకపోతే పెట్టేయ్’ అనే మాట దానికి వారసురాలు.

కళాశాల చదువు వచ్చేసరికి ఇల్లు విడిచి ఉండవలసిన అవసరం ఏర్పడింది. 1914లో మద్రాసులో స్థాపితమై తరువాత క్వీన్ మేరీస్ కళాశాలగా పేరు మారిన విద్యాసంస్థ, 1924లో హైదరాబాదులో మొదలై తరువాత కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ భవనానికి చేరిన మహిళా కళాశాల, 1942లో గుంటూరులో ఏర్పడిన ప్రభుత్వ మహిళా కళాశాల, 1952లో తిరుపతిలో వెలసిన పద్మావతి మహిళా కళాశాల తెలుగు యువతులకు ఉన్నత విద్యను అందుబాటులోకి తెచ్చాయి. ఊరు దాటి అమ్మాయిని పంపడానికి కుటుంబం ఒప్పుకోవాలంటే, ఇంట్లో ఉన్న కట్టుబాటు అక్కడా ఉంటుందన్న హామీ కావాలి. ఆ హామీ పేరే హాస్టల్. ప్రహరీ గోడ, సాయంత్రం ఆరు దాటాక మూతపడే గేటు, రోల్ కాల్, ఔట్‌పాస్, ఎవరెవరు వచ్చి చూడవచ్చో తల్లిదండ్రులు రాసిచ్చిన జాబితా, ఇవన్నీ ఆ ఒప్పందంలో భాగాలు. ఈ ఒప్పందాన్ని తేలిగ్గా తీసిపారేయడం చరిత్రకు న్యాయం కాదు. ఆ గోడ లేకపోతే వేలాది అమ్మాయిలు కళాశాల గడప తొక్కి ఉండేవారు కారు. కానీ చదువుకు అనుమతి దొరికిన ధర ఏకాంతం మీద కాపలా అన్నది కూడా అంతే నిజం, ఆ ధర కట్టింది అమ్మాయిలే.

ఆ కాపలా మొదట ఉత్తరం మీద పడింది. చాలా హాస్టళ్ళలో టపా నేరుగా అమ్మాయిల చేతికి వచ్చేది కాదు. వార్డెన్ బల్ల మీదికి చేరి, అక్కడ దస్తూరీ, పంపినవారి చిరునామా చూశాక, అనుమానం ఉన్న కవరు విప్పి చదివాక గాని గదులకు వెళ్ళేది కాదు. కార్డు ముక్క మీద రాసేది ఎలాగూ అందరూ చదువుతారు కాబట్టి అమ్మాయిలు ఇంటికి రాసే ఉత్తరాల్లో ‘ఇక్కడ అంతా క్షేమం’ అన్న వాక్యం తప్ప తమ దిగులు రాయడానికి వెనుకాడేవారు. హాస్టల్ బెంగ, భాష రాని ఊరు, తిండి పడకపోవడం, సహచరుల చిన్నచూపు, పెళ్ళి చూపుల భయం రాయదగిన విషయాలుగా ఉండేవి కావు. మానసిక క్షేమం, అంటే తన భావాలను తానే గుర్తించి వాటితో నిలదొక్కుకుని రోజువారీ జీవితం సాగించగలిగే స్థితి, ఆనాటి హాస్టల్ నిబంధనల పుస్తకంలో ఏ శీర్షిక కిందా చోటు చేసుకోలేదు. జ్వరానికి డాక్టరు ఉండేవాడు గాని దిగులుకు ఎవరూ లేరు.

1960, 1970 దశకాల్లో కాపలా నవల మీదికి మళ్ళింది. ఈ ఘట్టం వద్ద కొంత ఆగడం అవసరం, ఎందుకంటే నేటి వ్యసన చర్చలోని మాటలన్నీ దాదాపుగా అప్పుడే తయారయ్యాయి. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికలూ, జ్యోతి, యువ వంటి మాసపత్రికలూ ధారావాహికలతో లక్షల ఇళ్ళకు చేరిన కాలం అది. యద్దనపూడి సులోచనారాణి, ముప్పాళ రంగనాయకమ్మ, కోడూరి కౌసల్యాదేవి, మాదిరెడ్డి సులోచన, వాసిరెడ్డి సీతాదేవి పేర్లు ఇంటింటా వినిపించాయి. స్త్రీ పేరు ఉంటేనే నవల అమ్ముడుపోతుందన్న నమ్మకంతో కొందరు పురుషులు ఆడపేర్లతో రాసేటంతగా ఆ ఆదరణ పెరిగింది. పత్రిక వచ్చిన రోజున ఇంట్లో ఎవరు ముందు చదవాలన్నది తగవు. ధారావాహిక పేజీలను జాగ్రత్తగా చింపి, బాపు బొమ్మతో ఉన్న శీర్షిక పేజీ పైకి వచ్చేలా వరసగా పేర్చి, దారంతో కుట్టించి అట్ట వేయించుకోవడం ఒక గృహపరిశ్రమలా సాగింది. అలా కుట్టిన పుస్తకం హాస్టల్లో చేతులు మారుతూ మారుతూ అంచులు నలిగి, మూలలు మడతపడి, చివరి పేజీలు ఊడిపోయి, ఆ ఊడిన పేజీల కథ ఒకరికొకరు చెప్పుకునే స్థితికి వచ్చేది. కళాశాల దగ్గర్లోని అద్దె పుస్తకాల షాపులో రోజు అద్దెకు తెచ్చిన నవలను తెల్లారేలోగా ముగించాలి కాబట్టి, లైట్లు ఆర్పే వేళ దాటాక వరండా దీపం కిందనో, దుప్పటిలో టార్చిలైటుతోనో చదివేవారు.

దీన్ని పెద్దలు ‘నవలల పిచ్చి’ అన్నారు. విమర్శకుల ఆరోపణ ఏమిటంటే, ‘సెక్రటరీ’ నవలలోని రాజశేఖరం వంటి ఆరడుగుల అందగాడు, కారు, బంగళా ఉన్న నాయకుడు తన కోసం వస్తాడని కలలు కంటూ అమ్మాయిలు వాస్తవాన్ని మరిచిపోతున్నారు, చదువు పాడవుతోంది, కళ్ళు పాడవుతున్నాయి, ఇంటిపని మీద మనసు నిలవడం లేదు. నిద్ర లేకపోవడం, చదువు దెబ్బతినడం, ఊహాలోకంలో బతకడం, మనుషులతో మాటలు తగ్గడం అనే నాలుగు ఫిర్యాదులూ నేడు ఫోను మీద యథాతథంగా వినిపిస్తున్నాయి. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు; కలలు అమ్ముకున్న నవలలు చాలానే వచ్చాయి. అయితే అదే కాలంలో రంగనాయకమ్మ ‘పేకమేడలు’ వంటి నవలలు భర్త నిరాదరణలో నలిగిపోయిన భార్య బాధను పెళ్ళికాని అమ్మాయిల ముందు పెట్టాయి. ఏ నవల చదువుతున్నారు, దాన్నుంచి ఏమి తీసుకుంటున్నారు అన్నది అడిగినవారు తక్కువ. ఎంతసేపు చదువుతున్నారన్నదే లెక్క.

అదే వారపత్రిక పేజీల్లో వ్యతిరేక దిశలో సాగిన మరో ప్రయత్నం కూడా ఉంది. మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో 1952 నుంచి దశాబ్దాల పాటు నిర్వహించిన ‘ప్రమదావనం’ శీర్షికకు స్త్రీలు ఉత్తరాలు రాసి సలహాలు అడిగారు. వంట, ఆరోగ్యం, చదువు, ఉద్యోగంతో పాటు, ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని సంగతులు కూడా ఆ పేజీలోకి వచ్చాయి. పేరు బయటపడకుండా, ముఖం తెలియని మనిషికి తన కష్టం చెప్పుకుని జవాబు పొందే అవకాశం తెలుగు యువతులకు మొదటిసారి విస్తృతంగా దొరికింది అక్కడే. తరువాతి కాలంలో అంతర్జాలం యువతులను అంతగా ఎందుకు ఆకర్షించిందో తెలుసుకోవాలంటే ఈ శీర్షిక విజయం వైపు చూడాలి. వారికి కాలక్షేపం ఎంత అవసరమో, భయం లేకుండా అడగగలిగే చోటు అంతకంటే ఎక్కువ అవసరం. తెలుగు స్త్రీల మానసిక క్షేమ చరిత్ర రాయదలచినవారు ఆసుపత్రి రికార్డుల కంటే ముందు ఈ ప్రశ్నోత్తరాల పేజీలను తిరగేయవలసి ఉంటుంది.

1980 దశకం చివరికి పసుపు బోర్డుల ఎస్‌టీడీ బూతులు ఊరూరా వెలిశాయి. హాస్టల్లో ఉన్న ఒకే ఒక ఫోను వార్డెన్ గదిలో ఉండేది. ఆదివారం పూట వరసలో నిలబడి, వెనుక పది మంది వింటుండగా ఇంటికి మాట్లాడాలి. రాత్రి పొద్దుపోయాక కాల్ చార్జీలు తగ్గేవి, కాని ఆ వేళకు గేటు మూసేవారు. ఇంతలో 1995 వచ్చింది. ఆ సంవత్సరం జూలై 31న దేశంలో మొదటి మొబైల్ సంభాషణ జరిగింది. ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు అంతర్జాల సేవలు ప్రారంభించింది. పదిహేను రోజుల తేడాతో పుట్టిన ఈ రెండూ ఒకే పరికరంలో కలిసి అమ్మాయిల చేతికి రావడానికి ఇంకా రెండు దశాబ్దాలు పట్టింది.

ఆ మధ్యకాలం ఇంటర్నెట్ కేఫ్‌లది. అమీర్‌పేట వంటి కోచింగ్ సెంటర్ల కూడళ్ళ నుంచి జిల్లా కేంద్రాల బస్టాండ్ల దాకా, ప్లైవుడ్ అడ్డుగోడల కేబిన్లలో గంటల లెక్కన కంప్యూటర్లు అద్దెకు దొరికాయి. అమ్మాయిలు సాధారణంగా ఇద్దరు ముగ్గురు కలిసి, ఎంసెట్ ఫలితాల కోసమో దరఖాస్తుల కోసమో వెళ్ళేవారు. పని ముగిశాక మిగిలిన నిమిషాల్లో యాహూ చాట్, 2004 తరువాత ఆర్కుట్ తెరుచుకునేవి. అడ్డుగోడల వెనుక ఏమి జరుగుతోందన్న భయంతో ప్రభుత్వం 2011లో సైబర్ కేఫ్ నిబంధనలు తెచ్చి, అడ్డుగోడ ఎత్తు నాలుగున్నర అడుగులు మించరాదని, కేబిన్లలో లేని కంప్యూటర్ల తెరలు అందరికీ కనిపించేలా బయటికి తిరిగి ఉండాలని, వచ్చినవారి గుర్తింపు వివరాలు నమోదు చేయాలని శాసించింది. వార్డెన్ బల్ల మీది ఉత్తరానికి వర్తించిన సూత్రమే ఇక్కడ గెజిట్‌లోకి ఎక్కింది. అయితే ఆ నిబంధనలు వచ్చేనాటికే కేఫ్‌లు ఖాళీ అవుతున్నాయి, తెర జేబులోకి చేరుతోంది.

అంతర్జాల వ్యసనం అన్న భావన అప్పటికే విదేశాల్లో రూపుదిద్దుకుంది. 1995లో న్యూయార్క్ మనోవైద్యుడు ఇవాన్ గోల్డ్‌బర్గ్ మనోవ్యాధుల నిర్ధారణ గ్రంథం శైలిని అనుకరిస్తూ హాస్యానికి రాసిన లక్షణాల జాబితాను చాలామంది నిజమైన వ్యాధిగానే స్వీకరించారు. అమెరికన్ మనస్తత్వవేత్త కింబర్లీ యంగ్ మాత్రం దాన్ని గంభీరంగా పట్టించుకుని, జూద వ్యసనాన్ని నిర్ధారించే ప్రమాణాలను అంతర్జాలానికి అన్వయించి 1996 నుంచి పరిశోధన ఫలితాలు వెలువరించింది. ఆమె ఆధారపడినవారిగా గుర్తించిన 396 మందిలో 239 మంది స్త్రీలు కావడం గమనించదగ్గది; కంప్యూటరు ముందు గంటలు గడిపేది కుర్రాళ్ళేనన్న నాటి నమ్మకానికి అది విరుద్ధం. వారంతా ప్రకటనలు చూసి తమంతట తాము ముందుకు వచ్చినవారు కాబట్టి ఆ నిష్పత్తి సమాజమంతటికీ వర్తించదు, నిజమే. కాని తమ స్థితి గురించి మాట్లాడే అవకాశం రాగానే స్త్రీలు ముందుకు వచ్చారన్న సంగతి దానికదే విలువైనది. యంగ్ తయారుచేసిన 20 ప్రశ్నల పరీక్ష నేటికీ మన వైద్య, నర్సింగ్ కళాశాలల పరిశోధనల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అనుకున్నదాని కంటే ఎక్కువసేపు ఉంటున్నారా, పడుకోవలసిన వేళలో నిద్ర పోగొట్టుకుంటున్నారా, ఎవరైనా అడ్డు వస్తే విసుక్కుంటున్నారా అన్నట్టు సాగే ఆ ప్రశ్నలకు వచ్చిన మార్కులను కూడి తీవ్రతను నిర్ణయిస్తారు. దీనితో పాటు దిగులు, ఆందోళన, ఒత్తిడి అనే మూడింటినీ 21 ప్రశ్నలతో కొలిచే మరో పరీక్ష జతచేయడం రివాజు.

ఇటువంటి అధ్యయనాల్లో అంతర్జాలంపై ఆధారపడడం ఎక్కువ ఉన్న విద్యార్థుల్లో దిగులు, నిద్రలేమి, ఒంటరితనం కూడా ఎక్కువగా కనిపించడం సాధారణం. అయితే వీటిలో అధికభాగం ఒకే సమయంలో ఒక్కసారి ప్రశ్నించి వదిలేసినవి కాబట్టి, ఫోను వల్ల దిగులు వచ్చిందా, దిగులు వల్ల ఫోను పట్టుకున్నారా అన్నది వాటి నుంచి తేలదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయన్నది అనుభవం ఉన్న వైద్యులు తరచూ చెప్పే మాట. అంతేగాక, వైద్యశాస్త్రం ఇంతవరకు అధికారికంగా గుర్తించినది ఆటల వ్యసనాన్నే: 2013లో అమెరికా మనోవైద్యుల గ్రంథం దాన్ని మరింత పరిశోధన అవసరమైన స్థితిగా పేర్కొంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో అది 2022 జనవరి 1 నుంచి వ్యాధిగా అమల్లోకి వచ్చింది. యువతుల్లో ఎక్కువగా కనిపించే చాటింగ్, ఫొటోలు, రీల్స్, సీరియళ్ళ వాడకానికి అటువంటి గుర్తింపు లేదు. ఫలితంగా, వారి బాధ ఒక వైపు వ్యసనమన్న నిందకు గురవుతూనే, మరో వైపు చికిత్స అవసరమైన స్థితిగా లెక్కకు రాకుండా పోతోంది.

తెలుగు ప్రాంతాల్లో ఈ సమస్యకు ఒక ప్రత్యేక నేపథ్యం ఉంది, దాన్ని విడిగా చెప్పుకోవాలి. పదో తరగతి తరువాత రెండేళ్ళు కార్పొరేట్ జూనియర్ కళాశాల హాస్టళ్ళలో, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లతో, ఫోను లేకుండా, వారానికి కొన్ని నిమిషాల ఇంటి మాటలతో గడిపే పద్ధతి ఇక్కడ పాతుకుపోయింది. ఆ కళాశాలల్లో విద్యార్థుల ఆత్మహత్యలను పరిశీలించడానికి 2001లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీని నియమించవలసి వచ్చింది. 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే కళాశాల రుసుమును ప్రభుత్వమే చెల్లించే పథకం, ఇంజనీరింగ్ కళాశాలల్లోకి పల్లెటూళ్ళ ఆడపిల్లలను, వారి కుటుంబాల్లో మొదటిసారి కళాశాలకు వచ్చినవారిని, పెద్ద సంఖ్యలో తీసుకొచ్చింది. రెండేళ్ళు పూర్తి కట్టడిలో ఉన్న అమ్మాయికి, తన సమయాన్ని తాను పంచుకోవడం ఎన్నడూ నేర్పని వ్యవస్థ నుంచి బయటపడిన వెంటనే, సీటు వచ్చిన సంతోషంలో నాన్న కొనిచ్చిన స్మార్ట్‌ఫోన్ చేతికి వస్తుంది. ఇంగ్లీషు మీడియం పాఠాలు అర్థం కావు, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గు, ఇంట్లో చెబితే చదువు మానిపిస్తారన్న భయం. అటువంటి స్థితిలో ఫోను ఆమెకు వ్యసనం కావడానికి ముందు ఆశ్రయమవుతుంది. వ్యసనమన్న తీర్పు చెప్పే ముందు ఈ వరస క్రమాన్ని చూడకపోవడం పెద్ద పొరపాటు.

ధరలు ఈ మార్పును వేగవంతం చేశాయి. మొదట మిస్డ్ కాల్, తరువాత ఎస్సెమ్మెస్ ప్యాక్. అమ్మాయిలు, అబ్బాయిలు రోజుకు వందల సందేశాలు పంపుకుంటున్న కాలంలో, ప్రకటనల బెడదను ఆపడానికి టెలికాం నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరులో ఒక్కో సిమ్‌కు రోజుకు 100 సందేశాల పరిమితి పెట్టి, తరువాత 200కు పెంచింది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి 2017 మార్చి దాకా ఉచిత డేటా ఇవ్వడంతో లెక్కపెట్టుకుని వాడే అలవాటే పోయింది. అయినా 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ వయసులో ఎప్పుడైనా అంతర్జాలం వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం, పురుషులు వరుసగా 48.8, 57.4 శాతం. స్త్రీలలో అంతర్జాలం మరీ ఎక్కువైందన్న గోల వినిపిస్తున్న రోజుల్లోనే, అసలు దాన్ని ముట్టనివారు ప్రతి నలుగురు స్త్రీలలో సుమారు ముగ్గురు ఉండేవారు.

నవలల పిచ్చికీ నేటి తెరకూ పోలిక చూపి, ఇదీ అటువంటి పెద్దల అతి భయమేనని కొట్టిపారేయడం మాత్రం తప్పు. ధారావాహిక పేజీ కింద ‘సశేషం’ అని ఉండేది. ఆ తరువాత ఎంత ఆత్రుత ఉన్నా పాఠకురాలు వచ్చే వారం దాకా ఆగవలసిందే. 2006లో ఏజా రాస్కిన్ అనే రూపకర్త తయారుచేసిన, వేలు జరిపినంతకాలం కొత్త సమాచారం వచ్చిపడుతూనే ఉండే పద్ధతి ఆ ముగింపును తొలగించింది. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన లైక్ బటన్ తోటివారి మెప్పును అంకెగా మార్చింది. మెప్పు ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమే మళ్ళీ మళ్ళీ చూడాలనిపించడానికి మూలం. ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేని ప్రతిఫలం అలవాటును బలంగా పాతుకునేలా చేస్తుందని ప్రవర్తనా శాస్త్రం చాలా కాలం కిందటే నిరూపించింది. నవల పాఠకురాలిని గమనించలేదు, తెర గమనిస్తుంది. దీనికి తోడు అమ్మాయిలకు మరో భారం ఉంది: ప్రొఫైల్ ఫొటోను ఎవరు మార్చి వాడుకుంటారో, తిరస్కరించిన వాడు ఏమి చేస్తాడో అన్న భయం. ఆన్‌లైన్‌లో వెంటపడడాన్ని నేరంగా చట్టం గుర్తించింది 2013లోనే. వేధింపు జరిగినా ఇంట్లో చెప్పని అమ్మాయిలు ఎందరో. చెబితే మొదట పోయేది వేధించినవాడి స్వేచ్ఛ కాదు, తమ ఫోను, తమ చదువు అని వారికి తెలుసు.

ఫోన్లు జమ చేయించుకునే ఆచారాన్ని న్యాయస్థానం పరీక్షించిన ఘట్టం పొరుగున కేరళలో జరిగింది. కోళికోడ్ జిల్లాలోని ఒక కళాశాల మహిళా హాస్టల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఫోన్లు వాడరాదన్న నిబంధనను, తరువాత సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా అని మార్చారు. చదువుకునే వేళలో పాఠ్య సమాచారానికి ఫోను అవసరమని, ఇది ఆడపిల్లలపై వివక్ష అని అభ్యంతరం చెప్పి హాస్టల్ నుంచి బహిష్కరణకు గురైన బీఏ విద్యార్థిని హైకోర్టుకు వెళ్ళింది. 2019 సెప్టెంబరు 19న న్యాయమూర్తి పి.వి. ఆశ తీర్పునిస్తూ, అంతర్జాలాన్ని ఉపయోగించే హక్కు విద్యాహక్కులోనూ, రాజ్యాంగం 21వ అధికరణం కింది గోప్యతా హక్కులోనూ భాగమని ప్రకటించి, ఆమెను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించారు. తల్లిదండ్రుల కోరిక మేరకే నిబంధన పెట్టామన్న యాజమాన్యం వాదన నూరేళ్ళ నాటి ఆ పాత ఒప్పందమే. పద్దెనిమిదేళ్ళు దాటిన విద్యార్థిని ఆ ఒప్పందంలో కేవలం కాపాడవలసిన వస్తువు కాదని, ఆమె కూడా ఒక పక్షమని మొదటిసారి అంత స్పష్టంగా చెప్పింది ఆ తీర్పు.

ఆరు నెలలు తిరగకముందే, 2020 మార్చిలో కళాశాలలు మూతపడి, నిన్నటిదాకా నిషిద్ధమైన ఫోనే తరగతి గది అయింది. అన్నదమ్ములతో పంచుకునే ఒకే ఫోను, సిగ్నల్ కోసం మేడ మీదికి పరుగు, క్లాసు వింటూనే అంట్లు తోమడం, ఇవి ఆ రోజుల్లో చాలామంది అమ్మాయిల చదువు పరిస్థితులు. హాస్టల్ స్నేహితురాళ్ళు దూరమై, ఇంట్లో పెళ్ళి మాటలు మళ్ళీ మొదలై, మాట్లాడుకోవడానికి వాట్సాప్ ఒక్కటే మిగిలిన ఆ కాలంలో పెరిగిన వాడకాన్ని వ్యసనపు పట్టికలో వేసి చూడడం అన్యాయం. కాని అప్పుడు చెడిన నిద్ర వేళలు, కళాశాలలు తెరిచాక కూడా చాలామందికి సర్దుకోలేదన్నది కూడా కాదనలేనిది.

చికిత్స వైపు చూస్తే, 2014లో బెంగళూరు నిమ్‌హాన్స్ సాంకేతిక సాధనాల ఆరోగ్యకర వినియోగం కోసం షట్ క్లినిక్ ప్రారంభించి, ఫోనును పూర్తిగా మాన్పించడం కంటే దాన్ని ఆశ్రయించడానికి దారితీసిన ఒంటరితనం, విసుగు, ఆందోళన వంటి కారణాలను వెదికే మార్గం పట్టింది. నిద్రకు ముందు గంట తెర లేకుండా చూసుకోవడం, నోటిఫికేషన్లు ఆపడం, రోజులో ఒక వేళ ముఖాముఖి మాటలకు కేటాయించడం వంటి సూచనలు సామాన్యంగా కనిపించినా, వాటిని అమ్మాయి తానే నిర్ణయించుకుని పాటించడంలోనే వాటి బలం ఉంది. వార్డెన్ తాళం వేసిన అల్మారా ఆ పని చేయలేదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మానసిక నిపుణులతో మాట్లాడవచ్చు. ప్రతి మహిళా కళాశాల, ప్రతి ఆడపిల్లల హాస్టల్ ఈ నంబరును నిబంధనల పత్రం పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో గోడకు అంటించాలి. ఆ నంబరు అవసరమయ్యేది ఎక్కువగా రాత్రి వేళల్లోనే కాబట్టి, ఆ వేళకు ఫోను అమ్మాయి చేతిలో ఉండేలా తమ నిబంధనలను తిరిగి రాసుకోవాలి.